మూసీ వరద – మానవుని మరపు

విజ్ఞానశాస్త్రం మానవుని కష్టాలను తొలగించగలదా? ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు సాధారణంగా అవుననే సమాధానం చెప్పును. మశూచికి టీకా, చీకటికి విద్యుద్దీపం, క్షామానికి కాలువ – ఇట్లు ఒక్కొక్క కష్టానికి ఒక్కొక్క విరుగుడును చూపి, మానవచరిత్రను ఒక విజయయాత్రగా వర్ణించుట పరిపాటి. అందులో సత్యం లేకపోలేదు. కాని విరుగుడు తెలిసిన తరువాత కూడ కష్టం మరలి వచ్చిన సందర్భాలు చరిత్రలో ఎన్నో ఉన్నవి. అట్టి సందర్భాలను పరిశీలించినప్పుడే విజ్ఞానం ఎంతవరకు పోగలదో, ఎక్కడ మానవస్వభావం దానికి అడ్డు తగులునో మనకు బోధపడును. ఇందుకు దూరదేశాలకు పోనక్కరలేదు. హైదరాబాదు నగరంలో, మూసీ నది ఒడ్డున, అట్టి ఉదాహరణ ఒకటి నూరేండ్లకు పైగా మన కళ్ళ ఎదుటనే ఉన్నది.

నది, నగరం

మూసీ నది వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహించును. ఈసా అను ఉపనది నగరానికి పడమటి అంచున, బాపూఘాట్ వద్ద దానిలో కలియును. అక్కడినుండి నది నగరం నడుమగా పోయి, పురానాపూల్, అఫ్జల్‌గంజు, చాదర్‌ఘాటు వంతెనలను దాటి, మలకపేట, మూసారాంబాగు వైపు సాగును. దక్షిణపు ఒడ్డున ఈ పేటలకు ఆవల సైదాబాదు, దానికి చేరువలో సరూర్‌నగరు, దిల్‌సుఖ్‌నగరు ఉన్నవి.

వేసవిలో మూసీని చూచినవారికి ఇది నదియా, వాగా అను సందేహం కలుగును. ఈ సందేహంలోనే ప్రమాదం దాగి ఉన్నది. నది యొక్క శక్తి వేసవిలో దాని వెడల్పును బట్టి ఉండదు. దానిలోనికి నీటిని పంపు నేల వైశాల్యాన్ని బట్టి, అనగా పరీవాహక ప్రదేశాన్ని బట్టి ఉండును. నగరానికి ఎగువన మూసీ, ఈసాల పరీవాహక ప్రదేశం సుమారు 860 చదరపు మైళ్ళు. సన్నని పాయను చూచి ఇంతటి నేలను ఊహించుట కంటికి సాధ్యం కాదు. పటము, లెక్క ఉన్నప్పుడే సాధ్యం.

1908 సెప్టెంబరు 28

1908వ సంవత్సరం సెప్టెంబరు చివరి వారంలో ఈ 860 చదరపు మైళ్ళ మీద కుండపోతగా వాన కురిసినది. శంషాబాదులోని వర్షమాపకంలో 24 గంటలలో సుమారు 13 అంగుళాలు, 48 గంటలలో సుమారు 19 అంగుళాల వర్షం నమోదైనది. ఆ ప్రదేశంలో 788 చెరువులు ఉండెను. ఇంచుమించు చదరపు మైలుకు ఒక చెరువు! ఇవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారిన నీరు కింది చెరువులో చేరును. ఈ ఏర్పాటు మామూలు వానలకు ఎంతో మేలైనది. కాని పై కట్ట ఒకటి తెగినచో దాని నీరంతయు ఒక్కసారిగా కింది కట్టపై పడును. ఆ కట్ట వాన నీటినే కాక ఈ నీటిని కూడ మోయలేక తెగును. ఆ రెండు రోజులలో 221 చెరువులు ఇట్లు తెగినవి.

28వ తేదీ తెల్లవారుజామున మూసీ నగరం మీదికి వచ్చినది. అఫ్జల్‌గంజు, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు కొట్టుకొనిపోయినవి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం దెబ్బలు తిని నిలిచినది. సుమారు 15,000 మంది మరణించిరని, 19,000 ఇండ్లు కూలినవని, 80,000 మంది నిరాశ్రయులైరని సాధారణంగా చెప్పే లెక్క. సాయంకాలానికి నీరు తీయసాగినది. ఒక్క పగటిపూటలో ఇంతటి నాశనం జరిగినది.

అంకెలు పెద్దవైనకొద్దీ మనస్సుకు దూరమగును. కనుక ఒక్క మనిషి కథను చూతము. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తన తల్లిని, భార్యను, కూతురును పోగొట్టుకొని, తానొక్కడే బ్రతికి బయటపడినాడు. ఆ తరువాత ఆయన అర్ధశతాబ్దానికి పైగా జీవించి, 1961లో మరణించినాడు. వరద ఒక్క దినముది. దాని దుఃఖం ఒక జీవితకాలముది.

భయం, దయ, కొలత

కష్టకాలంలో మానవస్వభావం పలు ముఖాలతో కనబడును. అఫ్జల్‌గంజు తోటలోని ఒక చింతచెట్టు మీదికి ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ప్రభువు మహబూబ్ అలీ ఖాన్ తన భవనాలను నిరాశ్రయులకు తెరిపించినాడు, అన్నశాలలు నడిపించినాడు. పండితుల సలహాపై ఆయన స్వయంగా మూసీ ఒడ్డునకు పోయి, హిందూ ఆచారం ప్రకారం నదికి పసుపుకుంకుమలు, చీర సమర్పించి శాంతింపుమని వేడుకొన్నాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకొందురు.

విజ్ఞానం చదివినవారు ఈ కథ విని నవ్వవచ్చును. కాని నవ్వుట తొందరపాటు. ఇంతటి విపత్తులో ప్రజలకు ముందుగా కావలసినది ధైర్యం. తమ ప్రభువు తమతోపాటు తడిసి, తమ దేవతకు నమస్కరించినాడను వార్త వారికి అట్టి ధైర్యాన్ని ఇచ్చి ఉండవచ్చును. అయితే ధైర్యం వచ్చిన తరువాత చేయవలసిన పని వేరు. ఆ పని కూడ అదే ప్రభుత్వం చేసినది. ఐరోపా పర్యటనలో ఉన్న ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు ఆహ్వానం పంపినది. ఆయన 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరి, అదే సంవత్సరం అక్టోబరులో తన నివేదికను సమర్పించినాడు.

ఇక్కడ సైదాబాదు ప్రాంతపు చరిత్రలోని ఒక విశేషాన్ని తలచుకొనవలెను. సైదాబాదుకు దక్షిణాన కొద్ది దూరంలో ఫిసల్‌బండ ఉన్నది. అక్కడ 1901లో నవాబ్ జఫర్‌జంగు ఇంగ్లండు నుండి తెప్పించిన 15 అంగుళాల దూరదర్శినితో ఒక ఖగోళ వేధశాలను నెలకొల్పినాడు. అదే నిజామియా వేధశాల. ఆయన మరణానంతరం, వరద వచ్చిన 1908వ సంవత్సరంలోనే ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొని బేగంపేటకు తరలించినది. ఆకాశాన్ని దేశాల మధ్య పంచుకొని నక్షత్రాల పట్టిక తయారుచేసిన అంతర్జాతీయ ప్రణాళికలో ఈ వేధశాల పాల్గొని, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసినది. అనగా కొలిచే ఓర్పు, కొలిచే నేర్పు నగరంలో ఉండెను. కాని నక్షత్రాలను అంత శ్రద్ధతో లెక్కించబూనిన నగరం, తన నెత్తిపై నుండి పారి వచ్చే నీటిని అంత శ్రద్ధతో లెక్కించలేదు. నక్షత్రం ప్రతి రాత్రి కనబడును. పెనువరద తరానికి ఒకమారు కూడ కనబడకపోవచ్చును. ఈ తేడాను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. మున్ముందు దీనితో పని ఉన్నది.

ఒక చిన్న లెక్క

విశ్వేశ్వరయ్య అంచనా ప్రకారం వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు మూసీలో సెకండుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు ప్రవహించినది. ఒడ్డుకు గోడ కట్టి ఇంతటి నీటిని ఆపుట సాధ్యం కాదు. నగరం లోపల కాక, నగరానికి ఎగువననే నీటిని పట్టి ఉంచి, మెల్లగా వదలవలెనని ఆయన నిర్ణయించినాడు. ఆ సూచనను అనుసరించి, ఏడవ నిజాము కాలంలో మూసీ మీద గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసా మీద హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. రెండవదాని నిర్మాణంలో ఇంజనీరు అలీ నవాజ్‌జంగు బహదూరు ప్రముఖ పాత్ర వహించినాడు. ఈ రెండును నగరానికి వరద నుండి రక్షణనే కాక, తాగునీటిని కూడ ఇచ్చినవి.

ఇప్పుడు తరగతిలో చేయదగిన లెక్క ఒకటి చేయుదము. ఒక చదరపు మైలు నేలపై ఒక అంగుళం వాన కురిసినచో ఆ నీటి పరిమాణం 23,23,200 ఘనపుటడుగులు. 860 చదరపు మైళ్ళ మీద 12 అంగుళాలు కురిసినచో సుమారు 2,400 కోట్ల ఘనపుటడుగులు. అందులో సగం నేలలో ఇంకినదనుకొన్నను 1,200 కోట్లు మిగులును. రెండు జలాశయాలు కలిసి పట్టే నీరు సుమారు 690 కోట్ల ఘనపుటడుగులు మాత్రమే. వేరొక విధంగా చూచినచో, సెకండుకు 4,25,000 ఘనపుటడుగుల ప్రవాహం ఈ రెండు జలాశయాలను ఖాళీ స్థితి నుండి నాలుగున్నర గంటలలో నింపివేయును!

ఈ లెక్క వలన తేలునదేమి? జలాశయాలు వ్యర్థమని కాదు. అవి వరద శిఖరాన్ని తగ్గించును, నీటి రాకను ఆలస్యం చేయును, మనకు హెచ్చరించుకొనుటకు వ్యవధినిచ్చును. నడిమి తరగతి వరదలను పూర్తిగా మింగివేయగలవు. కాని అవి వరదను రద్దు చేయలేవు. మరియొక సంగతి ఏమనగా, జలాశయాలకు దిగువన, అనగా నగరం మీదనే కురిసిన వానను అవి ఏ విధంగాను ఆపలేవు. సైదాబాదు, సరూర్‌నగరు ఈ దిగువ భాగంలోనే ఉన్నవి.

రక్షణ వలన కలిగే నిర్భయం

అమెరికా భూగోళ శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ వైట్ 1945లో ప్రచురించిన గ్రంథంలో ఒక ముఖ్యమైన సంగతిని వెల్లడించినాడు. వరదను ప్రకృతి తెచ్చినను, వరద వలని నష్టంలో అధికభాగాన్ని మానవుడే తెచ్చుకొనునని ఆయన భావం. నదికి కట్ట కట్టగానే ప్రజలు భయం విడిచి నది గర్భం దాకా ఇండ్లు కట్టుకొందురు. చిన్న వరదలు రావు కనుక జాగ్రత్త అవసరం లేదని తోచును. కొన్ని దశాబ్దాల తరువాత కట్టను మించిన వరద వచ్చినప్పుడు, కట్ట లేని కాలంకంటె ఎక్కువ నష్టం జరుగును.

హైదరాబాదులో జరిగినది సరిగా ఇదే. ఒకప్పుడు సైదాబాదు, సరూర్‌నగరు పరిసరాలు తోటలు, పొలాలు, చెరువులతో నిండి ఉండెను. నగరం తూర్పుగా పెరిగి, మలకపేట మొదలు ఎల్బీనగర్ వరకు కాలనీలు వెలసినవి. చెరువుల శికం భూములు ఇండ్ల స్థలాలైనవి. చెరువుకు చెరువుకు నడుమ నీరు పారే వాగులు సన్నబడి నాలాలైనవి. కొన్నిచోట్ల నాలాల మీద కూడ గోడలు లేచినవి. మూసీ గర్భంలోనే, రెండు పాయల నడుమ, 1994లో మహాత్మా గాంధీ బస్సుస్టేషను వెలసినది. రెండు జలాశయాల రక్షణకై 1996లో ప్రభుత్వం 111వ సంఖ్య గల ఉత్తర్వుతో 84 గ్రామాలలో నిర్మాణాలను కట్టడి చేసినది. 2022లో 69వ సంఖ్య గల ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించినది.

నీరు మాత్రం తన దారిని మరువలేదు. 2000 ఆగస్టు 24న నగరంలో 24 గంటలలో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి, లోతట్టు కాలనీలు మునిగినవి. 2020 అక్టోబరు 13న బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్లు, తూర్పున ఘట్‌కేసరు వైపు 30 సెంటీమీటర్లకు పైగా నమోదైనది. సరూర్‌నగరు చెరువు కింది కాలనీలలో రోజుల తరబడి నీరు నిలిచినది. మూసారాంబాగు వంతెన నీట మునిగినది. అదే నెల 17న బాలాపూరు వద్ద గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీలను ముంచినది. 1908లో తెగిన 221 చెరువుల కథ, చిన్న రూపంలో మరల జరిగినది. 2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు మహాత్మా గాంధీ బస్సుస్టేషను ఆవరణలో ప్రవేశించినది.

మనం ఎందుకు మరతుము?

మరపును కేవలం దోషమనరాదు. మరపు లేనిచో అమ్జద్ వంటివారు ఒక్క దినం కూడ జీవించలేకపోయి ఉందురు. దుఃఖాన్ని మాన్పుటకు ప్రకృతి ఇచ్చిన మందు అది. కాని ఆ మందు దుఃఖంతోపాటు హెచ్చరికను కూడ తుడిచివేయును. మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమోస్ ట్వెర్‌స్కీ, డానియల్ కాహ్నెమన్ 1973లో ఈ విషయాన్ని పరిశోధించినారు. ఏ సంఘటన సులభంగా జ్ఞాపకం వచ్చునో అది తరచు జరుగునని, ఏది జ్ఞాపకం రాదో అది జరుగనే జరుగదని మనస్సు అంచనా వేయునని వారు చూపినారు. చూడని వరద జ్ఞాపకం రాదు. కనుక అది లేదనే మనస్సు భావించును.

ఇట్టిచోట మనస్సుకు గణితం తోడు కావలెను. నూరేండ్ల వరద అను మాటను చాలమంది అపార్థం చేసుకొందురు. ఒకమారు వచ్చినచో మరల నూరేండ్లు రాదని దాని అర్థం కాదు. ప్రతి సంవత్సరం దాని సంభావ్యత నూటికి ఒకటి అని అర్థం. అట్లయినచో 30 సంవత్సరాలలో ఒక్కమారైనా వచ్చుటకు సంభావ్యత ఎంత? ఒక సంవత్సరం రాకుండుటకు సంభావ్యత 0.99. దానిని 30 మార్లు గుణించినచో 0.74. అనగా వచ్చుటకు నూటికి 26. ముప్ఫై ఏండ్లు వాయిదాలు కట్టి ఇల్లు కొనుక్కొన్న కుటుంబానికి ఇది చిన్న సంఖ్య కాదు. 70 సంవత్సరాల జీవితకాలానికి లెక్కించినచో సగానికి మించును!

అయితే దోషమంతా మరపుదే అనుట కూడ న్యాయం కాదు. చెరువు కింద ఇల్లు కట్టుకొన్నవాడు నీటి దారిని ఎరుగక కట్టినాడనుకోరాదు. తన సంపాదనకు అందిన స్థలం అదే. మెరక భూమికి వెల ఎక్కువ, పల్లపు భూమికి తక్కువ. దినకూలివాడు నాలా పక్కన గుడిసె వేయును. చిన్న ఉద్యోగి జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో లోతట్టులో స్థలం కొనును. ఆ స్థలాన్ని అమ్మినవానికి నీటి దారి తెలిసి ఉండవచ్చును. కొన్నవానికి చెప్పేవారు లేరు. మరపు అందరిదీ, నష్టం కొందరిదీ అయినప్పుడు అది మనస్తత్వ సమస్యగా మాత్రమే మిగులదు, న్యాయ సమస్య అగును. కనుక ఎక్కడెక్కడికి నీరు వచ్చునో తెలిపే పటాలు కార్యాలయాల బీరువాలలో కాక, స్థలం కొనేవాని చేతిలో ఉండవలెను.

జ్ఞాపకానికి ఒక ఉపకరణం

జపాను ఈశాన్య తీరంలో అనెయోషి అను చిన్న గ్రామం ఉన్నది. 1933లో వచ్చిన సునామీ తరువాత అక్కడివారు కొండవాలుమీద ఒక రాయి పాతి, దీనికి దిగువన ఇండ్లు కట్టవద్దని దానిపై చెక్కించినారు. గ్రామస్థులు తరతరాలుగా ఆ మాటను పాటించినారు. 2011లో మహా సునామీ వచ్చినప్పుడు అలలు ఆ రాతికి సుమారు నూరు మీటర్ల దిగువననే ఆగినవి. ఆ రాయిలో గొప్ప యంత్రమేమీ లేదు. చూచినవారి జ్ఞానాన్ని చూడనివారికి అందించినది, అంతే.

విజ్ఞానశాస్త్రం చేసే పనులలో ఇది ముఖ్యమైనది. మనం దానిని సాధనాలు ఇచ్చే శాస్త్రంగా మాత్రమే చూచుచున్నాము. అంతకన్న ముందు అది మానవజాతికి జ్ఞాపకశక్తి. వర్షమాపకంలోని ఒక అంకె, చూచినవాడు మరణించిన తరువాత కూడ సాక్ష్యం చెప్పును. విశ్వేశ్వరయ్య ఆనకట్టలను సూచించుటకు ముందు చేసిన పని అంకెలను సేకరించుటయే.

ఈ పనిలో పాఠశాలలు పాల్గొనవచ్చును. నిలువు గోడలు గల ఒక డబ్బా, ఒక కొలబద్ద ఉన్నచో వర్షమాపకం సిద్ధమైనట్లే. ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. 4,000 చదరపు మీటర్ల ఆటస్థలం మీద 190 మిల్లీమీటర్లు కురిసినచో 7,60,000 లీటర్లు. ఆ నీరు ఏ వైపునకు పోవును? అక్కడ నాలా ఉన్నదా, గోడ ఉన్నదా? తమ పేటకు ఎగువన ఉన్న చెరువు ఏది, దాని అలుగు ఎక్కడ? 2000లో, 2020లో తమ వీధిలో నీరు ఎంత ఎత్తున నిలిచినదని ఇంటిలోని పెద్దలను అడిగి, ఆ గీతను బడి గోడ మీద సంవత్సరంతో సహా గుర్తించవచ్చును. సైదాబాదులోనైనా, మరెక్కడనైనా ఇది ఒక విద్యాసంవత్సరంలో పూర్తి చేయదగిన పని. ఉపాధ్యాయులు బదిలీయై పోవుదురు, విద్యార్థులు చదువు ముగించి వెళ్ళుదురు. గోడ మీది గీత, పుస్తకంలోని అంకె తరువాత వచ్చేవారి కొరకు ఉండును.